జీడమ్మ స్థలపురాణం, సవరించిన ముద్రణ

నీలకంఠం విశాఖ పోర్టులో ముప్పై నాలుగేళ్ళు టాలీ క్లర్కుగా పనిచేశాడు. ఓడలోంచి దిగే బస్తాలూ ఓడలోకి ఎక్కే బస్తాలూ లెక్కపెట్టి చీటీ మీద గీతలు గీయడం ఆయన పని. అందులో సాహిత్యానికి చోటు లేదు. కానీ ఆయనకు పద్యాలొచ్చు, పెద్ద పెద్ద సమాసాలొచ్చు, పైగా దస్తూరీ బాగుంటుంది. అందుచేత ఆఫీసులో ఎవరు రిటైరైనా సన్మానపత్రం రాసే బాధ్యత ఆయన మీద పడేది. సెలవు చీటీ తప్ప జన్మలో మరో కాగితం రాయని గుమస్తాను ‘కర్మయోగి’ అనీ, క్యాంటీనులో వడ చల్లారిందని ప్లేటు విసిరేసిన మేస్త్రీని ‘శాంతమూర్తి’ అనీ రాసేవాడు. వాళ్ళు అది విని కళ్ళు తుడుచుకునేవారు. ఏమీ చెయ్యని మనిషి గురించి నాలుగు పేజీలు రాయడం మామూలు విద్య కాదు. రిటైరయ్యాక ఆ విద్యే ఆయన్ని అమ్మవార్ల దగ్గరికి చేర్చింది.

మొదట ఇంటి వెనక వీధిలోని గుడివాళ్ళు వచ్చి స్థలపురాణం రాయమన్నారు. రాశాడు. అది చూసి పక్క పేటవాళ్ళు వచ్చారు. ఆరేళ్ళు తిరిగేసరికి పెందుర్తి నుంచి పరవాడ దాకా పదకొండు మంది అమ్మవార్లకు చరిత్ర ఏర్పడింది. ఆయన పుస్తకాల్లో ఒక తెల్లదొర ఉంటాడు. గుర్రం మీద వచ్చి, అమ్మవారిని హేళన చేసి, చూపు పోగొట్టుకుని, లెంపలేసుకుని, వెండి కళ్ళు చేయించి పెడతాడు. పదకొండు పుస్తకాల్లో ఆ దొరకు తొమ్మిదిసార్లు కళ్ళు పోయాయి. ఇంత జరిగినా గుడి కనబడితే గుర్రం ఆపి వెటకారమాడటం మాత్రం ఆయన మానుకోలేదు.

నీలకంఠం భార్య వరహాలమ్మ ఆ పుస్తకాలన్నీ దేవుడి గూట్లో పెట్టుకుని, పసుపు బొట్లు పెట్టి, శుక్రవారం శుక్రవారం ఒక్కోటి పారాయణ చేసేది.

“అవన్నీ నాను రాసినవే కదే, వాటికి దణ్ణం పెడతావేటి?” అన్నాడాయన ఒకసారి, కొంచెం సిగ్గుపడుతూ.

“మీ సేత అమ్మ రాయించినాది. నేకపోతే మీకంత తెలివెక్కడిదండీ?” అందామె.

ఆ తర్వాత ఆయన ఆ ప్రసక్తి ఎత్తలేదు.

ఇలా ఉండగా ఒక ఉదయం సన్యాసిరాజు వచ్చాడు. ఈయన అపార్ట్‌మెంట్లు కట్టే మనిషి. గాజువాక దాటాక, ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊళ్ళు ఖాళీ చేసిన వాళ్ళకిచ్చిన నిర్వాసితుల కాలనీ ఒకటుంది. ఆ కాలనీని ఆనుకుని ఆయన ఒక పెద్ద టవర్ లేపాడు. టవర్ గుమ్మానికి ఎదురుగా కాలనీవాళ్ళ జీడమ్మ తల్లి గుడి పడింది. గుమ్మాన్ని మార్చలేడు, గుడిని మార్చలేడు. అందుకని గుడి కమిటీకి ప్రెసిడెంటయ్యాడు.

“మాస్టారూ, గుడికి పాలరాయేసినాం, గోపురం లేపినాం, ఏసీ కూడా బిగించినాం. అమ్మోరికి ఒక్క చరిత్రే తక్కువ. అది మీరు పెట్టించీగలిగితే పని అయిపోద్ది” అన్నాడు.

“ఏ కాలం నాటిది కావాలి?” అని అడిగాడు నీలకంఠం, దర్జీ కొలతలు తీసుకున్నట్టు.

“త్రేతాయుగం అయితే బాగుంటాది. ద్వాపరం పక్క కాలనీవోళ్ళు తీసీసుకున్నారు.”

“అలాగే.”

“ఇంకో మాట మాస్టారూ. అమ్మోరు కాస్త శాంతంగా ఉండాల. మా టవర్లో ఉన్నోళ్ళంతా పెద్ద పెద్ద కంపెనీలోళ్ళు. పొద్దున్నే బాల్కనీలోకి వొచ్చి కాఫీ తాగతా, కింద కోడిపుంజు తల తెగడం సూడ్డం ఆళ్ళకి బాగోదు.”

నీలకంఠం ఎంత కల్పించి రాసినా, ముందు వెళ్ళి అమ్మవారిని చూసి, ఉన్న సంగతులు అడిగి తెలుసుకోవడం ఆయన పద్ధతి. ఉన్నదేమిటో తెలిస్తే దేన్ని రాయకూడదో తెలుస్తుందని ఆయన అనేవాడు. మర్నాడు బస్సెక్కి కాలనీకి వెళ్ళాడు. కొత్త గోపురం కింద, పాలరాతి గద్దె మీద, జానెడున్నర నల్లటి రాయి పసుపు పూసుకుని కూర్చుని ఉంది. దాని పక్కనే పాపాయమ్మ కూర్చుని కుంకం కలుపుతోంది. ఆమెకు అరవై ఐదేళ్ళుంటాయి. నలభై ఏళ్ళకు పైగా ఆ రాతికి నీళ్ళు పోసి, పసుపు రాసి, బొట్టు పెట్టేది ఆమే. మంత్రాలు రావు. ‘లెగు తల్లీ, తెల్లారిపోనాది’ అని నీళ్ళు పోసేది.

“ఈ అమ్మవారు ఇక్కడ ఎలా వెలిసింది అమ్మా?” అని అడిగాడు నీలకంఠం.

“ఎలిసినాదేటి బాబూ, లారీలో వొచ్చినాది” అంది పాపాయమ్మ.

అప్పుడామె చెప్పిన సంగతి ఇది. వాళ్ళ ఊరు గుమ్మడివానిపాలెం. ఊరి చివర జీడితోటలో ఉండేది కాబట్టి ఆమె జీడమ్మ. ఫ్యాక్టరీ కోసం ఊరు ఖాళీ చెయ్యాల్సిన రోజు వచ్చింది. లారీలు వచ్చి నిలబడ్డాయి. మగవాళ్ళు తలుపులు, దూలాలు, పెంకులు ఊడదీసి ఎక్కించుకోవడంలోనూ, ఎవరికి ఏ మూల స్థలం వస్తుందో అని కొట్టుకోవడంలోనూ ఉన్నారు. అమ్మవారి సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. పాపాయమ్మ అత్తకు గుర్తొచ్చి, కొత్త కోడల్ని గునపం ఇచ్చి తోటకు పంపింది. పాపాయమ్మకు అప్పుడు ఆరో నెల. రాయిని పెకలించి, పాత చీరలో చుట్టి, లారీ దగ్గరికి తెచ్చింది.

“డ్రైవరు సూసి, ‘ఆ రాయేటమ్మా, సామాన్లే ఎక్కించమన్నారు, రాళ్ళూ రప్పలూ కాదు’ అన్నాడు. అమ్మోరంటే దించెత్తాడేమో అనీసి, ‘రుబ్బురోలు పొత్రం బాబూ’ అనీసినాను. ఒళ్ళో ఎట్టుకుని కూకున్నాను. దారంతా గుంతలే. కడుపులో గుంటడు ఓ పక్క తంతాడు, ఒళ్ళో ఈవిడ ఓ పక్క ఒత్తుద్ది. ‘తల్లీ, పొత్రమన్నానని కోపం తెచ్చుకోకు, మరి సామాను కిందే లెక్క ఏత్తన్నారు నిన్ను’ అని సెప్పుకున్నాను. ఏటీ అనుకోలేదు. మంచిదే.”

నీలకంఠానికి కథ చాలా నచ్చింది. అందుకే పనికిరాదని వెంటనే తెలిసిపోయింది. ఇందులో ఋషి లేడు, రాక్షసుడు లేడు, దొర కూడా లేడు, వట్టి డ్రైవరున్నాడు.

ఇంకో చిక్కు కూడా వచ్చింది. పోర్టులో ఆఫ్రికా నుంచి దిగిన జీడిపిక్కల బస్తాలు లెక్కపెట్టిన మనిషి కాబట్టి, జీడిచెట్టు ఈ దేశానికి ఓడల మీద వచ్చిందని ఆయనకు తెలుసు. త్రేతాయుగంలో జీడితోట పెడితే, అది దిగడానికి ఓడరేవు కూడా పెట్టాలి. మూడు రోజులు ఆలోచించి, జీడమ్మ అసలు పేరు ‘జీవదాంబిక’ అనీ, పామరుల నోట అరిగి జీడమ్మ అయిందనీ తేల్చాడు. తోట పోయింది.

తర్వాత అంతా సాఫీగా సాగింది. సముద్రపుటొడ్డున ఇసుక తింటూ తపస్సు చేసే సైకత మహర్షి పుట్టాడు. ఆయన్ని బాధించడానికి లోహాసురుడు పుట్టాడు. అమ్మవారు ఆ రాక్షసుణ్ణి భూమిలోకి తొక్కి, ‘కలియుగమున ఇచ్చటి గ్రామములు తొలగి, నీ దేహమైన లోహము కరిగి, వేలమందికి అన్నమగును గాక’ అని వరమిచ్చింది. ఆ వాక్యం రాసినరోజు నీలకంఠం తన భుజం తనే తట్టుకున్నాడు. త్రేతాయుగంలోనే ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగిపోయింది. చివర్లో, వాక్యం నడక బాగుంటుందని, ‘మంత్రపూతమైన హస్తము తప్ప అన్య హస్తము ఈ మూర్తిని తాకరాదు’ అని మహర్షి చేత ఒక మాట అనిపించాడు.

పుస్తకం రంగుల అట్టతో, లోపల ‘ప్రాచీన తాళపత్రం ఆధారంగా’ అనే మాటతో వచ్చింది. అట్ట మీద అమ్మవారి కంటే సన్యాసిరాజు ఫొటో అంగుళం చిన్నదిగా ఉంది. ఆయన వినయాన్ని అందరూ మెచ్చుకున్నారు. టవర్లోవాళ్ళు తలా నాలుగు కాపీలు కొన్నారు. వాళ్ళలో ఒకాయన గుడి ముందు నిలబడి లోహాసురుడి కథ చెప్పి ఫోన్లో వీడియో పెడితే ఎక్కడెక్కడివాళ్ళో చూశారు. ఆదివారాల్లో కార్లు రావడం మొదలైంది.

కమిటీ సమావేశమై, మహర్షి మాటను అమలు చెయ్యాలని తీర్మానించింది. నీలకంఠం నడక కోసం రాసిన వాక్యం చట్టమైపోయింది. మంత్రాలు వచ్చిన అర్చకుణ్ణి తెచ్చారు. ఆయన చెడ్డవాడేం కాదు, పుస్తకంలో ఎలా ఉంటే అలా చేసే మనిషి. కోళ్ళు ఆగిపోయాయి. పాపాయమ్మను గద్దె దిగి, స్టీలు రెయిలింగుకు ఇవతల నిలబడమన్నారు.

పది రోజుల తర్వాత పాపాయమ్మ కొంగులో పుస్తకం చుట్టుకుని మల్కాపురంలో నీలకంఠం ఇంటికి వచ్చింది. పోట్లాటకే వచ్చిందనుకుని ఆయన లేచి నిలబడ్డాడు.

“కూకో బాబూ. నాకు సదువు రాదు. ఇందులో ఏటుందో ఒక్కపాలి సదివి ఇనిపించు. నన్ను పొమ్మన్నది ఏ మాటో తెలుసుకుందామనీ” అందామె, గుమ్మం పక్కన నేల మీద చతికిలబడి.

వరహాలమ్మ మంచినీళ్ళిచ్చి, తనూ పక్కన కూర్చుంది. నీలకంఠం చదివాడు. తన పుస్తకం తను పైకి చదవడం ఆయనకు అలవాటే. ఆ రోజు మాత్రం సమాసాలు నాలుక్కు అడ్డం పడ్డాయి. పాపాయమ్మ శ్రద్ధగా విన్నది. మహర్షి ఇసుక తినే చోట “అయ్యో పాపం” అంది. లోహాసురుణ్ణి తొక్కే చోట చేతులెత్తి దణ్ణం పెట్టింది. అంతా అయ్యాక చేతులు దించింది.

“బాగుంది బాబూ. ఈవిడెవరోగాని శానా గొప్ప తల్లి. మా యమ్మ అయ్యుండదు. మా యమ్మకి ఇన్ని సంస్కృతాలు రావు.”

నీలకంఠం పుస్తకం మూయబోయాడు.

“ఒక్కటి అడుగుతాను సెప్పు. గ్రామాలు తొలిగిపోతాయని అమ్మోరే అన్నాదా?”

“పురాణంలో... అలా ఉందమ్మా.”

“అయితే మా ఊరు తీసేసినది గవుర్మెంటు కాదన్నమాట. మా యమ్మే తీసేసినాది. నాను మరి ఒళ్ళో ఎట్టుకుని ఆవిణ్ణి ఎందుకు తెచ్చినట్టు బాబూ?”

ఆమె కోపంగా అడగలేదు. నిజంగానే అడిగింది. ముప్పై నాలుగేళ్ళు బస్తాలు లెక్కపెట్టి ఎప్పుడూ తప్పు రాని నీలకంఠానికి తన పుస్తకంలో ఒక ఊరు ఊరంతా లెక్క తప్పిపోయిందని అప్పుడు అర్థమైంది. వరహాలమ్మ భర్త వంక చూసింది. ఆయన పుస్తకం వంక చూశాడు.

“నువ్వు ఆ మహర్షిని రాసినావు. ఆ రాక్షసుణ్ణి రాసినావు. నా సంగతి ఓ ముక్క రాయలేకపోనావా? నీకాడ ఇంకు అయిపోనాదేటి?” అని, పాపాయమ్మ లేచి వెళ్ళిపోయింది.

అమ్మవారి పండగ దగ్గర పడింది. మొదటి ముద్రణ అయిపోయింది. ఇంకో రెండు వేలు వేయించమని సన్యాసిరాజు కబురు పెట్టాడు. నీలకంఠం ‘సవరించిన, విస్తరించిన ద్వితీయ ముద్రణ’ తయారుచేసి ప్రూఫు పంపాడు. సన్యాసిరాజు దాన్ని తన పద్ధతిలో జాగ్రత్తగా చూశాడు. అంటే ఫొటో చూశాడు, ఫొటో కింద పేరు చూశాడు, పేరు కింద బిరుదు చూశాడు. అచ్చుకు వెళ్ళమన్నాడు.

పండగనాడు ఉదయం, ఘటాలు ఎత్తుకున్న ఆడవాళ్ళు గుడి ముందు నిలబడ్డారు. డప్పులు ఆపించి, అర్చకుడు మైకులో కొత్త పుస్తకం అందుకున్నాడు. గ్రామాలు తొలగిపోయే వాక్యం ఇప్పుడందులో లేదు. దాని చోట ఇలా ఉంది: ‘ఓ మహర్షీ! కలియుగమున నన్ను ఒడిలో నిడుకొని తెచ్చిన ఇల్లాలి చేతి పసుపే నాకు తొలి పసుపు. ఆమె చేయియే మంత్రపూతము. ఆమె వెనుక ఆమె కోడలు. అది తప్పిన నాడు నేను పాలరాతిపై నిలువను.’ కోడిపుంజు విషయంలో మాత్రం అమ్మవారు మౌనం వహించింది. నీలకంఠానికి కూడా టవర్‌వాళ్ళంటే కొంచెం భయమే.

అర్చకుడు చదివి, ఆగి, మళ్ళీ చదివాడు.

“ఒడిలో తెచ్చిన ఇల్లాలు ఎవరండీ?” అని మైకులోనే అడిగాడు.

కాలనీ ముసలివాళ్ళలో గంగాలమ్మ అనే ఆవిడకు గొంతు పెద్దది. “పాపాయమ్మే! నా కళ్ళతో సూసినాను, లారీలో ఒళ్ళో ఎట్టుకుని కూకుంది!” అని అరిచింది. త్రేతాయుగంలోనే పాపాయమ్మ సంగతి రాసి ఉందని జనానికి ఒళ్ళు జలదరించింది. పూనకాలొచ్చాయి. టవర్లోవాళ్ళు ఫోన్లు పైకెత్తారు. అర్చకుడు రెయిలింగు గేటు తీసి పక్కకు తప్పుకున్నాడు. పాపాయమ్మ లోపలికి వెళ్ళి, తల వంచుకుని, ఎవరినీ చూడకుండా, రాతికి నీళ్ళు పోసింది. “ఇన్నాళ్ళూ సరిగ్గా నలుగెట్టినట్టు లేదే నీకు” అని గొణుక్కుంటూ పసుపు రాసింది.

మర్నాడు సన్యాసిరాజు ఇద్దరు కమిటీ మెంబర్లను వెంటబెట్టుకుని మల్కాపురం వచ్చాడు.

“మాస్టారూ, ఆ ముసల్దాని ముక్క ఎప్పుడొచ్చినాది?”

“త్రేతాయుగంలో” అన్నాడు నీలకంఠం.

“మొదటి పుస్తకంలో లేదు గదా!”

“తాళపత్రం రెండో సగం తర్వాత దొరికింది.”

“మరి ఆ గ్రామాలు తొలిగే ముక్క తీసేసినారేటి?”

“పాఠాంతరం.”

సన్యాసిరాజు ఎర్రబడ్డాడు. “మాస్టారూ, మనలో మనకి దాపరికమేటి? రెండో సగం దొరకడానికి, అసలు మొదటి సగమే ఎక్కడ...” అని అక్కడితో ఆగిపోయాడు. కమిటీ మెంబర్లు ఇద్దరూ చెవులు రిక్కించి కూర్చున్నారు. వాళ్ళలో ఒకాయన తన కూతురి పెళ్ళి సంబంధం సైకత మహర్షి మొక్కు వల్లే కుదిరిందని నమ్ముతున్నవాడు. ఎదురుగా వరహాలమ్మ కాఫీ పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది.

“మొదటి సగం ఎక్కడేటి బాబూ?” అని అడిగింది.

“ఎక్కడ... ఎంత పవిత్రమైనదో అంటన్నానమ్మా” అన్నాడు సన్యాసిరాజు, కాఫీ అందుకుని. దాన్ని ఊదుకోకుండా తాగేసి, నోరు కాల్చుకుని వెళ్ళిపోయాడు.

పాపాయమ్మ కృతజ్ఞతలు చెప్పడానికి రాలేదు. ఆమెకు అందులో నీలకంఠం ఉపకారమేమీ కనిపించలేదు, తనది తనకొచ్చింది. ఆయనే ఒక ఆదివారం గుడికి వెళ్ళాడు.

“మహర్షికి నా సంగతి ముందే తెలుసంట గదా. మంచోడే” అందామె. “అయితే ఆయనకి లారీ సంగతి తెల్దేటి? పొత్రమన్న సంగతి తెల్దేటి? అది రాయలేదేం?”

నీలకంఠం నెల రోజులు ఆ గుడి మెట్ల మీద కూర్చుని, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. గుమ్మడివానిపాలెంలో ఎన్ని వీధులు, ఏ ఇల్లు ఎవరిది, బావి ఎక్కడ, జీడితోటకు తోవ ఎటు, లారీ ఎక్కిన రోజు ఎవరు ఏడ్చారు, ఎవరు ఏడవలేదు. ముప్పై రెండు పేజీల పుస్తకమైంది. ఋషి లేడు. తెల్లదొర కూడా ఈసారికి కళ్ళు కాపాడుకున్నాడు. సన్యాసిరాజు దాన్ని గుడి కౌంటర్లో పెట్టనివ్వలేదు. పాపాయమ్మ తన కుంకం బుట్ట పక్కన పెట్టుకుంది.

టవర్‌వాళ్ళు ఒకటి తీసి చూసి, “ఇందులో మహిమలేవీ లేవా?” అని కింద పెట్టేశారు. కానీ మరో రకం జనం రాసాగారు. ఆ ఊరు చెదిరినప్పుడు ఒక్కో కుటుంబం ఒక్కో వైపు పోయింది. పరవాడ ప్లాంటులో పనిచేసేవాళ్ళు, అచ్యుతాపురం కంపెనీ బస్సు దిగి టిఫిను డబ్బాతోనే వచ్చేవాళ్ళు, పెందుర్తిలో అద్దెకుండేవాళ్ళు. పుస్తకం కొని, అక్కడే మెట్ల మీద నిలబడి, వేలు పెట్టి వాళ్ళ ఇంటిపేరు వెతుక్కునేవారు. దొరికినవాళ్ళు నవ్వేవారు, లేదా నవ్వబోయి ఆగిపోయేవారు. దొరకనివాళ్ళు తిన్నగా మల్కాపురం బస్సెక్కేవారు.

సైకత మహర్షి పుస్తకం నాలుగు వేల కాపీలు పోయింది. అందులో ఇసుక తిని మనిషి బతకడం దగ్గర్నుంచి ఏ ఒక్క సంగతినీ ఎవరూ తప్పు పట్టలేదు. ఉన్నది ఉన్నట్టు రాసిన ఈ పుస్తకంలో మూడు నెలల్లో నలభై రెండు తప్పులు తేలాయి. మా తాత ఇల్లు బావికి తూర్పునైతే పడమర రాసినావేటని ఒకరు. మా నాన్న ఏడ్చినాడని రాసినావు, ఆయన జన్మలో ఏడవలేదని ఒకరు. లారీ ఆకుపచ్చది కాదు, నీలందని ఇద్దరు. నీలకంఠం అన్నీ రాసుకున్నాడు. వరహాలమ్మకు మజ్జిగ కలపడంతో సరిపోయేది. ఈ పుస్తకాన్ని ఆమె దేవుడి గూట్లో పెట్టలేదు. దిండు పక్కన పెట్టుకుని చదువుకునేది.

చివరికి గంగాలమ్మ వచ్చింది. పాపాయమ్మను కూడా చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

“నాను సూసినాననేటి రాసినావు? సూడ్డమేటి, మోసినాను! గునపం ఓ కొస ఈవిడిది, ఓ కొస నాది. ఆరో నెల మనిషి ఒక్కర్తీ రాయి లేపుద్దా? నీకు పిల్లల్లేరేటి?”

“ఓలమ్మ, నువ్వెక్కడున్నావే? నువ్వు మీ కోళ్ళని బుట్ట కింద మూస్తన్నావు గదే!” అంది పాపాయమ్మ.

“కోళ్ళు మూసినాక వొచ్చినాను!”

“వొచ్చేసరికి నాను లారీ కాడున్నాను!”

ఇద్దరూ గంటసేపు వాదించుకున్నారు. మధ్యలో ఏదో తలచుకుని ఇద్దరూ ఏడ్చారు, మళ్ళీ వాదించుకున్నారు. నీలకంఠం కలం మూత తీసి పట్టుకుని, ఎవరి మాట రాయాలో తెలియక కూర్చున్నాడు. పురాణమైతే ఒక్క శ్లోకంతో తేల్చేసేవాడు. ఇక్కడ ఆ వీలు లేదు. ఆఖరికి, ‘రాయి పెకలించునపుడు గంగాలమ్మ కూడా ఒక చెయ్యి వేసెనని ఆమె, లేదని పాపాయమ్మ’ అని రాసి చదివి వినిపించాడు.

“నా పేరు ముందు రాసినావు గదా, అది సాలు” అంది గంగాలమ్మ.

పాపాయమ్మ రెండు వారాలు ఆయనతో మాట్లాడలేదు. మూడో వారం కోడలి చేత చలివిడి పంపింది. ఆ పుస్తకం రెండో ముద్రణ ప్రెస్సుకు ఇవ్వాల్సిన రోజున ఆయన చెప్పులేసుకుని గుమ్మం దిగుతుంటే, అచ్యుతాపురం నుంచి ఇద్దరన్నదమ్ములు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. వాళ్ళ ఇంటిపేరులో ఒత్తు పోయిందట.